బొమ్మా, మనిషా? ఎక్స్‌-మెన్ కథల్లో మైనారిటీల గోడు

క్లుప్తంగా: పుట్టుకతో వచ్చిన తేడా వల్ల లోకం ఈసడించుకునే 'మ్యూటెంట్ల' కథగా అమెరికాలోని మార్వెల్ కంపెనీ కామిక్స్ సిరీస్ ఎక్స్‌-మెన్ అరవై ఏళ్లకు పైగా నడుస్తోంది. నల్లజాతివారు, యూదులు, గేలు ఎవరికి వారు అందులో తమ బతుకును చూసుకున్నారు. సూటిగా చెబితే అచ్చు కాని సంగతులు ఈ ముసుగులో కోట్ల మందికి చేరాయి. అసలు బాధితుల ముఖాలు మాత్రం చాలాకాలం ఆ ముసుగు కిందే ఉండిపోయాయి. మ్యూటెంట్లకు నిజంగానే ప్రమాదకరమైన శక్తులు ఉండటం ఈ పోలికలోని పెద్ద చిక్కు.

కస్టమ్స్ వాళ్ల ధర్మసందేహం

అమెరికా సుంకాల పట్టికలో ఒకప్పుడు బొమ్మలు రెండు రకాలు. మనిషిని పోలినదైతే 'డాల్', దాని మీద 12 శాతం సుంకం. జంతువో, రోబోనో, రాక్షసుడో అయితే 'టాయ్', దాని మీద 6.8 శాతం. తెలుగులో రెండూ బొమ్మలే కాబట్టి మనకు ఈ పేచీ అర్థం కావడానికి కాస్త టైం పడుతుంది. విదేశాల నుంచి దిగుమతైన ఎక్స్‌-మెన్ బొమ్మలను కస్టమ్స్ అధికారులు డాల్స్ కింద లెక్కగట్టారు. టాయ్ బిజ్ అనే కంపెనీ దాని మీద కోర్టుకెళ్లింది. 'ఇవి మనుషుల బొమ్మలు కావు, తక్కువ సుంకమే వేయాలి' అన్నది దాని వాదన.

2003లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం కంపెనీ వైపే మొగ్గింది. గోళ్లు, రెక్కలు, మరచేతులు ఉన్న ఈ ఆకారాలు పూర్తిగా మనుషులవి కావని తేల్చింది. తీర్పు వచ్చేనాటికి టాయ్ బిజ్ మార్వెల్ చేతిలోనే ఉంది. మ్యూటెంట్లూ మనుషులేనని నలభై ఏళ్లుగా కథల్లో చెబుతూ వచ్చింది కూడా మార్వెలే. అభిమానులు నొచ్చుకోవడంలో వింతేం లేదు.

మన దగ్గర డబ్బింగ్ సినిమాల పుణ్యమా అని ఆ జట్టులోని వుల్వరీన్ గోళ్లు తెలియని పిల్లలు తక్కువ. ఆ కథ వెనుక జాతి వివక్ష మీద ఇంత చర్చ ఉందన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. అసలు మ్యూటెంట్లు ఎవరికి ప్రతీకలు, ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుంది అన్న రెండు ప్రశ్నల చుట్టూనే ఆ చర్చ తిరుగుతుంది.

సులువు కోసం పుట్టిన ఆలోచన

ఎక్స్‌-మెన్ తొలి సంచిక మీద ఉన్న తేదీ 1963 సెప్టెంబరు. స్టాన్ లీ, జాక్ కిర్బీ దాని సృష్టికర్తలు. ఇద్దరూ న్యూయార్క్‌లో పుట్టిన యూదు వలస కుటుంబాల పిల్లలు, ఇద్దరివీ మార్చుకున్న పేర్లే. ఆ ఏడాది ఆగస్టు 28నే వాషింగ్టన్‌లో పౌరహక్కుల మహా ప్రదర్శన జరిగింది. రెండింటినీ ముడిపెట్టి, ఎక్స్‌-మెన్ మొదటి నుంచీ నల్లజాతి పోరాటానికి ప్రతీకగానే పుట్టిందని రాసేవాళ్లు చాలామంది.

జరిగింది అంత గంభీరమైనదేమీ కాదు. ఒక్కో హీరోకు శక్తి ఎలా వచ్చిందో చెప్పడానికి ప్రతిసారీ ఒక సాలీడునో రేడియేషన్ ప్రమాదాన్నో వెతుక్కోవాలి. పుట్టుకతోనే వచ్చిందనేస్తే ఆ బాధ ఉండదు. మ్యూటెంట్ల ఆలోచన అలా తట్టిందని స్టాన్ లీయే తర్వాత చెప్పాడు. తొలి జట్టులోని ఐదుగురూ తెల్లవాళ్లే, ఖరీదైన ప్రైవేటు బడిలో చదివే పిల్లలు. అయితే 'పుట్టుకతో' అన్న ఆ ఒక్క మాట కథను ఎటు తీసుకెళ్లాలో అటే తీసుకెళ్లింది. పుట్టుకను బట్టి మనిషిని వేరుచేయడం అమెరికాలో ఊహాలోకపు సంగతి కాదు. 1965లోనే మ్యూటెంట్లను వేటాడే సెంటినెల్ రోబోలు కథలోకి వచ్చేశాయి.

రోబోలైతే ఫర్వాలేదు, నల్లవాడైతే వద్దు

అంత కష్టపడి ముసుగు వేయడం ఎందుకు, నేరుగా నల్లజాతివారి కథే రాయొచ్చు కదా అంటే, సూపర్‌హీరోల బాపతు కాని ఒక చిన్న సైన్స్ ఫిక్షన్ కథకు పట్టిన గతి చూడాలి. ఈసీ కామిక్స్ 1953లో వేసిన ఆ కథలో ఒక రోబోల గ్రహం ఉంటుంది. అక్కడ నారింజ రంగు రోబోలకు అన్ని సౌకర్యాలూ ఉంటాయి. నీలం రోబోలు బస్సులో వెనక కూర్చోవాలి. ఆ గ్రహాన్ని గెలాక్సీ గణతంత్రంలో చేర్చుకోవచ్చో లేదో చూడటానికి భూమి నుంచి ఒక తనిఖీ అధికారి వస్తాడు. విప్పి చూస్తే రెండు రకాల రోబోల లోపలి భాగాలు ఒకటే, పైరేకు రంగే తేడా. మీకింకా అర్హత రాలేదని చెప్పి అతను వెళ్లిపోతాడు. చివరి బొమ్మలో హెల్మెట్ తీస్తే అతను నల్లజాతి మనిషి. ముఖం మీది చెమట చుక్కలు నక్షత్రాల్లా మెరుస్తుంటాయి.

మధ్యలో 1954లో కామిక్స్ పిల్లలను చెడగొడుతున్నాయన్న గొడవ సెనేట్ దాకా వెళ్లి, ప్రచురణకర్తలు తమకు తామే ఒక సెన్సార్ బోర్డు పెట్టుకున్నారు. 1956లో అదే కథను మళ్లీ వేయబోతే ఆ బోర్డు అడ్డుపడింది. రోబోల మధ్య వివక్షకు అభ్యంతరం లేదు, ఆ అధికారి మాత్రం నల్లవాడై ఉండకూడదు. ప్రచురణకర్త విలియం గెయిన్స్ ఒప్పుకోలేదు, రచ్చకెక్కుతానని బెదిరించి కథను ఉన్నదున్నట్టే వేశాడు. ఈసీ వేసిన చివరి కామిక్ పుస్తకం అదే.

ముసుగు ఎందుకు పనికొస్తుందో ఇక్కడ తెలిసిపోతుంది. రంగు రేకులు, మ్యూటెంట్లు, గ్రహాంతరవాసులు అని ఎంత చెప్పినా చెల్లుతుంది, నిజమైన ముఖం కనిపించేసరికి గేటు పడుతుంది. అమ్మకాల లెక్క కూడా ఇందులో కలిసే ఉంది. దేశమంతటా ఊరూరా అమ్మాల్సిన పుస్తకం ఎవరినీ నేరుగా వేలెత్తి చూపకుండా ఉంటేనే కంపెనీకి లాభం.

క్లేర్‌మాంట్ చేతికి వచ్చాక

తొలి ఎక్స్‌-మెన్ పెద్దగా ఆడలేదు. 1970 నుంచి కొన్నేళ్లు పాత కథలనే మళ్లీ మళ్లీ అచ్చేశారు. 1975లో కొత్త జట్టు వచ్చింది. కెన్యా మూలాలున్న స్టార్మ్, జర్మనీ నుంచి నీలం రంగు ఒంటితో నైట్‌క్రాలర్, సోవియట్ రైతుబిడ్డ కొలోసస్, అపాచీ తెగకు చెందిన థండర్‌బర్డ్ అందులో ఉన్నారు. థండర్‌బర్డ్‌ను మాత్రం రెండు మూడు సంచికల్లోనే చంపేశారు. ఆ ఏడాది రచన చేపట్టిన క్రిస్ క్లేర్‌మాంట్ 1991 దాకా కలం దించలేదు. ఈనాడు మాట్లాడుకునే పోలికలన్నీ దాదాపు ఆయన కాలంలో అల్లుకున్నవే.

1981లో వచ్చిన ఒక కథ భవిష్యత్తులోకి వెళ్తుంది. అక్కడ మనుషుల బట్టల మీద అక్షరాలుంటాయి: మామూలు మనిషికి హెచ్, మ్యూటెంట్ లక్షణాలు పిల్లలకు రావచ్చని అనుమానం ఉన్నవాడికి ఏ, మ్యూటెంట్‌కు ఎమ్. 'ఎమ్' ఉన్నవాళ్లంతా శిబిరాల్లో మగ్గుతుంటారు. నాజీ పాలనలో యూదులు కుట్టుకోవాల్సి వచ్చిన పసుపు నక్షత్రం ఎవరికైనా గుర్తుకొస్తుంది. అదే ఏడాది ఇంకో సంచికలో, అప్పటిదాకా ఒట్టి విలన్‌గా ఉన్న మాగ్నీటో, లోహాలను శాసించే ఈ మ్యూటెంట్, నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్ నుంచి ప్రాణాలతో బయటపడ్డవాడని తేలింది. మనుషులు ఏం చేయగలరో కళ్లారా చూసినవాడు, రెండోసారి జరగనివ్వనంటాడు. అక్కడి నుంచి అతన్ని విలన్ అని కొట్టిపారేయడం కష్టమైపోయింది.

మ్యూటెంట్ల బడి నడుపుతూ శాంతి కోరే ప్రొఫెసర్ ఎక్స్‌ను మార్టిన్ లూథర్ కింగ్‌తో, మాగ్నీటోను మాల్కం ఎక్స్‌తో పోల్చడం రివాజు. 2000 నాటి తొలి సినిమాలో మాల్కం ఎక్స్ ప్రసిద్ధ నినాదాన్నే ('ఏ మార్గంలోనైనా సరే') మాగ్నీటో నోట పలికించి ఆ పోలికకు ముద్ర వేశారు. క్లేర్‌మాంట్ మనసులో ఉన్నది వేరు. నల్లజాతి నాయకులతో పోల్చడం తెల్లవాడైన తనకు తగని పని అనిపించిందనీ, మాగ్నీటోను, సాయుధ పోరాటం నుంచి ప్రధాని పదవి దాకా వచ్చిన ఇజ్రాయెల్ నేత మెనాకెమ్ బెగిన్‌తో పోల్చవచ్చనీ ఆయన తర్వాతి కాలంలో చెప్పాడు. నిజానికి మాల్కం ఎక్స్ ఎవరి నగరాన్నీ ఎత్తి విసరలేదు, ఎవరినీ చంపలేదు. ఆయన్ను మాగ్నీటోతో జతకట్టడం ఆయనకు జరిగిన అన్యాయమే.

1988లో జెనోషా అనే దీవి వచ్చింది. మ్యూటెంట్ల చాకిరీ మీద భోగాలు అనుభవించే ఆ దేశం వర్ణవివక్ష నాటి దక్షిణాఫ్రికాకు అద్దం. 1993లో మ్యూటెంట్లకే సోకే ఒక వైరస్ వచ్చింది, అది ఎయిడ్స్ అని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఒకే ముసుగు ఎన్ని ముఖాలకైనా సరిపోయింది.

ఇంట్లో చెప్పుకోలేని మాట

చర్మం రంగుతో వచ్చే వివక్షకు, మ్యూటెంట్ల స్థితికి ఒక తేడా ఉంది. నల్లజాతి పిల్లవాడి ఇంట్లో అందరూ నల్లవాళ్లే. అవమానం బయట జరిగినా ఇంటికొస్తే తనవాళ్లు ఉంటారు. మ్యూటెంట్ అలా కాదు. మామూలు తల్లిదండ్రులకు పుట్టి, సరిగ్గా యుక్తవయసులో తేడా బయటపడి, దాన్ని ఇంట్లోవాళ్ల దగ్గరే దాచుకోవాల్సి వస్తుంది. కాబట్టే గే పాఠకులు ఈ కథను మిగతా అందరికంటే ఎక్కువగా సొంతం చేసుకున్నారు.

2003లో వచ్చిన రెండో సినిమాలో ఆ సన్నివేశం సూటిగానే తీశారు. దేన్నైనా గడ్డకట్టించే శక్తి ఉన్న బాబీ డ్రేక్ బోస్టన్‌లోని ఇంటికి వస్తాడు. డ్రాయింగ్ రూములో అమ్మ, నాన్న, తమ్ముడు ఉంటారు. మర్యాదగా కప్పుల్లో టీ. బాబీ వేలు తగిలించగానే కప్పులోని టీ గడ్డకడుతుంది. తల్లి కాసేపటికి తేరుకుని, మ్యూటెంట్‌గా ఉండకుండా ఉండే ప్రయత్నం చేశావా అని అడుగుతుంది. గే పిల్లలు ఇంట్లో విషయం చెప్పినప్పుడు వినే ప్రశ్నకు అందులో ఒక్క మాటే మార్చారు. పన్నెండేళ్ల తర్వాత, 2015లో, కామిక్స్‌లో బాబీ గే అని నేరుగానే రాశారు.

దాచుకునే వీలు అందరికీ ఉండదన్నది కూడా ఈ కథల్లో ఉంది. జట్టులోని జీన్ గ్రే వీధిలో నడిస్తే ఎవరూ గుర్తుపట్టరు. నైట్‌క్రాలర్‌కు ఆ అదృష్టం లేదు. 1983లో వచ్చిన మోర్లాక్‌లు అనే మ్యూటెంట్లైతే న్యూయార్క్ సొరంగాల్లోనే బతుకుతారు. ఒంటి మీదే తేడా కనిపించే వాళ్లకు ప్రొఫెసర్ గారి బంగళా బడి కూడా సులువుగా అందదు. అణగారినవాళ్లలోనూ మెట్లుంటాయని చూపిన ఈ భాగం మీద విమర్శకులు పెద్దగా రాయలేదు గానీ, మొత్తం ఎక్స్‌-మెన్‌లో నిజ జీవితానికి బాగా దగ్గరగా వచ్చింది బహుశా ఇదే.

పోలిక తెగిపోయే చోటు

జట్టులోని సైక్లాప్స్ కళ్లద్దాలు తీస్తే ఎదుటి గోడ ఎగిరిపోతుంది. రోగ్ అనే అమ్మాయి ఒక కుర్రాడిని ముద్దుపెట్టుకుంటే వాడు కోమాలోకి వెళ్తాడు. తొలి సినిమాలో సెనేటర్ కెల్లీ మ్యూటెంట్ల పేర్లు నమోదు చేయాలంటూ, గోడల్లోంచి నడిచి వెళ్లే అమ్మాయి బ్యాంకు ఖజానాలోకి దూరితే ఆపేదెవరని అడుగుతాడు. సినిమా అతన్ని దుర్మార్గుడిగానే చూపిస్తుంది. కానీ ఆ ప్రశ్నలో న్యాయం లేదని అనలేం. తుపాకీకే లైసెన్సు అడిగే సమాజం, కంటిచూపుతో గోడలు కూల్చేవాడి వివరాలు అడిగితే తప్పేముంది?

నిజజీవితంలో పీడనకు గురైన సమూహాల విషయంలో ఈ ప్రశ్నే పుట్టదు. నల్లజాతి మగవాళ్లు పుట్టుకతోనే హింసాత్మకులని, యూదులు తెరవెనుక ప్రపంచాన్ని నడిపిస్తున్నారని, గేల వల్ల పిల్లలకు ప్రమాదమని పుట్టించిన పుకార్లే అక్కడ ద్వేషానికి పెట్టుబడి. ప్రమాదం కల్పితం, ద్వేషం నిజం. మ్యూటెంట్ల కథలో రెండూ నిజమే. అంటే పీడకుడు చెప్పే అబద్ధాన్ని కథ తెలియకుండానే నిజం చేసి పెట్టింది.

నమోదు చట్టం అన్నది ఊహ కూడా కాదు. బ్రిటిష్ పాలకులు 1871లో తెచ్చి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్రవేసింది. ఆ తెగలో పుడితే చాలు, పేరు పోలీసు రికార్డులోకి ఎక్కేది, పిలిచినప్పుడు హాజరు పలకాల్సి వచ్చేది, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం 1910ల్లో ఎరుకలవారి కోసం అలా వెలసిన సెటిల్‌మెంటే. 1952 నాటికి చట్టం రద్దయినా ఆ ఊరి పేరు చెబితే జనానికి చాలాకాలం దొంగలే గుర్తొచ్చారు, సినిమాలు కూడా అదే చూపించాయి. ఆ నమోదు పుస్తకాల్లోకి ఎక్కినవాళ్లలో గోడల్లోంచి నడిచినవాళ్లు ఎవరూ లేరు.

ఈ లోపాన్ని సమర్థించేవాళ్ల మాట కూడా వినదగ్గదే. సూపర్‌హీరో కథకు శక్తులు తప్పవు, అవి లేకపోతే కొనేవాడుండడు. పైగా లోకం శాపం అన్నదాన్ని ఇక్కడ వరంగా మార్చి చూపిస్తారు. ఒంటరి కుర్రాడికి ఆ భరోసా తక్కువదేం కాదు. అయితే ఆ భరోసా పాఠకుడికి దక్కుతుంది, సామాజిక విశ్లేషణకు మాత్రం పనికిరాదు.

మాట్లాడేది ఎవరు

1982 నాటి గ్రాఫిక్ నవల ఒకటి ఈ పోలికకు శిఖరమనీ, దాని బలహీనతకు నమూనా అనీ రెండు రకాలుగానూ చెబుతారు. ద్వేషం బోధించే ఒక క్రైస్తవ బోధకుడి కథ అది. ఇద్దరు నల్లజాతి మ్యూటెంట్ పిల్లలను చంపి బడి ఉయ్యాలలకు వేలాడదీయడంతో మొదలవుతుంది. కొన్ని పేజీల తర్వాత, మ్యూటెంట్లను తిట్టిన కుర్రాడితో కిటీ ప్రైడ్ అనే తెల్ల యూదు అమ్మాయి కలబడుతుంది. అవి మాటలే కదా అని సర్దిచెప్పబోయిన నల్లజాతి డాన్స్ టీచర్ మీద విరుచుకుపడుతుంది. నల్లజాతివారిని కించపరిచే బూతుమాటను ఎత్తి, వాడు ఆ మాట కలిపి తిట్టి ఉంటే నువ్వు ఇంత నిదానంగా ఉండేదానివా అంటుంది. రచయిత ఉద్దేశం మంచిదే. కానీ జీవితమంతా ఆ మాట వింటూ పెరిగిన ఆమెకు, కల్పిత వివక్షకు గురైన అమ్మాయి పాఠం చెప్పడం దగ్గర చదువరి ఆగిపోతాడు.

2013లో ఇంకా ముదిరింది. హవోక్ అనే బంగారు జుట్టు తెల్ల హీరో ప్రెస్ మీట్ పెట్టి, తమను మ్యూటెంట్లు అనొద్దని, ఆ మాట తమను విడదీస్తోందని, తనను పేరుతో పిలిస్తే చాలని అంటాడు. మైనారిటీ గుర్తింపే అవమానమన్నట్టుగా ఉందని పాఠకులు మండిపడ్డారు. పైకి మామూలు తెల్లవాడిలా చలామణి కాగలిగినవాడికి ఆ మాట అనడం సులువు.

అన్యాపదేశం మనకు కొత్తది కాదు. జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు ఆయనా ఒక కల్పన పెట్టుకున్నాడు. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. శివుడి చెవిలో తన గోడు చెప్పమని అంటరానివాడు దాన్ని పంపిస్తాడు. అయితే అక్కడ వింత జీవి దూత మాత్రమే. ఆకలి, అవమానం ఎవరివో వారి నోటితోనే వినిపిస్తాయి. ఎక్స్‌-మెన్‌లో వింత జీవే బాధితుడి స్థానంలో కూర్చుంది.

కథ కంచికి వెళ్లదు

నిజమైన ఉద్యమాలకు ఒక నడక ఉంది. అమెరికాలోని మాంట్‌గొమరీ నగరపు నల్లజాతీయులు బస్సుల్లో వివక్షకు నిరసనగా 381 రోజులు బస్సులెక్కకుండా నడిచారు, కోర్టుల్లో కేసులు గెలిచారు, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చింది. దక్షిణాఫ్రికాలో 1994లో అందరూ ఓటేశారు. 2015లో అమెరికా అంతటా స్వలింగ వివాహాలకు చట్టబద్ధత దక్కింది. వివక్ష పూర్తిగా పోలేదు గానీ, ఉన్నచోటే ఉండిపోలేదు.

మ్యూటెంట్లు మాత్రం ఎప్పుడు చూసినా మొదటి మెట్టు మీదే ఉంటారు. 2001లో జెనోషాలో కోటీ 60 లక్షల మందిని సెంటినెల్‌లు చంపేశాయి. 2005లో ఒక్క మంత్రంతో ప్రపంచంలో మ్యూటెంట్ల సంఖ్య దాదాపు 200కు పడిపోయింది. 2019లో క్రకోవా అనే దీవిలో సొంత దేశం, సొంత భాష, చనిపోయినవాళ్లను బతికించే విద్య వచ్చాయి. 2024కల్లా అదీ ముగిసింది. అదే ఏడాది వచ్చిన యానిమేషన్ సిరీస్‌లో జెనోషా మళ్లీ బూడిదైంది. నెలనెలా పుస్తకం రావాలంటే శత్రువు ఉండాలి, శత్రువు ఉండాలంటే ద్వేషం తీరకూడదు. ఈ ఏర్పాటులో సమ్మెకు, ఓటుకు, కోర్టుకు చోటు తక్కువ. మ్యూటెంట్ల విషయమై నిజమైన కోర్టులో అంతగా పేరుపడిన కేసు దిగుమతి సుంకం కేసే.

ముసుగు తీసిన అమ్మాయి

ప్రతీకలు పక్కనపెట్టి అసలు మనుషుల్నే హీరోలను చేసే ప్రయత్నాలు పక్కపక్కనే నడిచాయి. నల్లజాతి హీరో బ్లాక్ పాంథర్ 1966లోనే వచ్చాడు. 2003లో, నల్లజాతి రోగులకు మందివ్వకుండా 1932 నుంచి 40 ఏళ్లు నడిపిన టస్కిగీ ప్రయోగాన్ని గుర్తుచేస్తూ, సూపర్ సైనికుడిని తయారుచేసే మందును ముందు నల్ల సైనికుల మీద పరీక్షించినట్టు ఒక కథ వచ్చింది.

వీటిలో దగ్గరగా చూడాల్సింది కమలా ఖాన్ కథ. న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో పెరిగిన పాకిస్తానీ మూలాల ముస్లిం అమ్మాయి. జి. విల్లో విల్సన్ రచనలో 2014లో సొంత పుస్తకం మొదలైంది. శక్తి రాగానే కమల మొదట చేసే పని తనకిష్టమైన హీరోయిన్‌లా మారిపోవడం: పొడుగు కాళ్లు, బంగారు జుట్టు, తెల్ల ఒళ్లు. మారాక చూస్తే జుట్టు కళ్లలో పడుతుంది, డ్రెస్సు ఒంటికి పట్టేసి ఇబ్బంది పెడుతుంది. నెమ్మదిగా తన ముఖానికే వచ్చేస్తుంది. తర్వాత వేసుకున్న దుస్తులు ఇంట్లో ఉన్న బుర్కినీతో (ఒళ్లంతా కప్పే ఈత దుస్తులతో) కుట్టుకున్నవి.

2015 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ బస్సుల మీద ముస్లింలను నాజీలతో పోల్చే ప్రకటనలు కనిపించాయి. ఎవరో రాత్రికి రాత్రి వాటి మీద కమలా ఖాన్ బొమ్మలు అంటించి వెళ్లారు.

2023లో మార్వెల్ ఆమెను ఒక కథలో చంపి, క్రకోవా విద్యతో బతికించి, ఎక్స్‌-మెన్ యూనిఫాం తొడిగింది. ఆమె పుట్టుకతోనే మ్యూటెంట్ అని, ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదని రాశారు.